మచ్చ పడని రాగి బోల్టు

వేడి గారెలు చెల్లెలికి, చల్లారినవి పెళ్లానికి. సోమవారం పొద్దున ఇన్‌స్పెక్టర్ పొకువా ఇంట్లో గొడవ ఇంత చిన్న విషయం మీద మొదలైంది.

ఆమె భర్త బోయాకి వీధి చివరి పొయ్యి దగ్గర అలసంద గారెలు కొని తెచ్చాడు. పొట్లం విప్పి, పైన పొగలు కక్కుతున్నవన్నీ చెల్లెలు కొనాడు పళ్లెంలో పెట్టాడు. అడుగున ఆవిరికి మెత్తబడ్డవి భార్య అంబలి గిన్నె పక్కన పెట్టాడు. పొకువా ఒక గారెను వేలితో నొక్కి చూసింది.

"ఇవి నిన్నటివా?"

"అన్నీ ఒకే మూకుట్లోవే."

"మరి నావాటికే చెమట పట్టిందేం?"

మొగుడు పోయిన మనిషితో గారెలకి పోటీ ఏమిటని బోయాకి గొంతు తగ్గించి అన్నాడు. పోటీ ఏమీ లేదని, పొట్లం తిరగేసి పంచినా అన్నే గారెలు ఉండేవని పొకువా కూడా గొంతు తగ్గించే అంది. గొంతు తగ్గించిన గొడవలు ఆ ఇంట్లో ఎక్కువసేపు నడుస్తాయి. చివరికి కొనాడే తన పళ్లెం ముందుకు జరిపి, "నువ్వు తిను వదినా, నాకు సయించడం లేదు" అంది. దాంతో పొకువా ఇక ఏదీ తినలేకపోయింది.

ఇల్లు అత్తగారు అగ్యేవాది. కొడుకూ కూతురూ ఆవిడ రక్తం. పొకువా ఎన్నేళ్ల నుంచి ఆ ఇంట్లో ఉన్నా ఆవిడ రక్తం కాదు. ఈ సంగతి ఎవరూ పైకి అనరు. తిండి పంచేటప్పుడు మాత్రం తెలుస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నం కొనాడు భర్త అడుసెయ్ తన షెడ్డులోనే చనిపోయాడు. కుమాసీ మెకానిక్ వాడలో బండ్ల కరెంటు పని చేసేవాళ్లలో అతనికి పెద్ద పేరు. అందరూ మాస్టర్ అడుసెయ్ అనేవాళ్లు. ఒక పికప్ బండికి స్టార్టర్ మోటార్ మార్చి, పని చేస్తుందో లేదో చూస్తుండగా బండి ముందుకు దూకింది. బండి ముక్కుకీ తన వెనకున్న ఇనప కంటైనర్ గోడకీ మధ్య మాస్టర్ నలిగిపోయాడు. బండి డ్రైవర్ ఇసాహాకు లాకప్‌లో ఉన్నాడు. గేరులో వదిలేసి వెళ్లి ఒక మనిషి ప్రాణం తీశాడని అతని మీద కేసు. రేపు పొద్దున కోర్టులో నిలబెడతారు.

కేసు పొకువాకు ఇవ్వలేదు. చనిపోయినవాడు ఆమె ఆడపడుచు భర్త కాబట్టి ఇవ్వకూడదన్నారు. ఆ మాట న్యాయమైనదే. కానీ ఇచ్చింది లామ్తేకి. రాజధాని ఆక్రా నుంచి వచ్చి, ఈ ఏడాది తనకు వస్తుందని ఆమె అనుకున్న ఛీఫ్ ఇన్‌స్పెక్టర్ కుర్చీలో కూర్చున్న లామ్తేకి. అతను ఆ కుర్చీని వెనక్కి వంచి ఊగుతూ మాట్లాడతాడు. ఆ కీచుమనే చప్పుడు గోడ అవతల తన బల్ల దగ్గర కూర్చున్న పొకువాకు రోజంతా వినిపిస్తుంది.

అల్లుడి పనిముట్లు వాడలో ఎవరెవరి చేతుల్లోకో పోకముందే ఇంటికి తెమ్మని అత్తగారు చెప్పింది. పొకువాకు కావలసింది కూడా ఆ సాకే.

*

కాపలా ఉన్న కానిస్టేబుల్ ఆమెను చూసి పక్కకు తప్పుకున్నాడు. షెడ్డులో పికప్ అలాగే ఉంది. మనిషిని బయటికి తీయడానికి నాలుగడుగులు వెనక్కి నెట్టి వదిలేశారు. బానెట్ ఇంకా పైకి లేచే ఉంది. కంటైనర్ గోడకు నడుము ఎత్తున సొట్ట పడింది. పొకువా సొట్ట ముందు ఎక్కువసేపు నిలబడలేదు. నేరుగా ఇంజన్ మీదికి వంగింది.

కొత్తగా బిగించిన స్టార్టర్ కిందివైపు కనిపిస్తోంది. కొత్తదంటే వాడిన బళ్లలోంచి తీసిందే. అమ్మినవాడు ఇసుక కాగితంతో రుద్ది మెరిపించి ఇచ్చాడు. బ్యాటరీ నుంచి వచ్చే లావు తీగ దాని రాగి బోల్టుకు బిగించి ఉంది. పక్కనే చిన్న తీగ తగిలించే రేకు. పొకువా టార్చి వేసి రెంటినీ చూసింది. జేబురుమాలుతో తుడిచి మళ్లీ చూసింది. రాగి కొత్త గాజులా మెరుస్తోంది.

క్యాబిన్ తలుపు తెరిచింది. పక్క సీటు ముందు కాళ్లు పెట్టుకునే చోట పాత స్టార్టర్ పడి ఉంది. దాని కింద ఏదో గుడ్డ, నూనె పీల్చుకుని నల్లగా అట్టకట్టుకుపోయింది. బండి సొంతదారుకు విప్పిన పాత సామాను చూపించాలి, లేకపోతే మార్చకుండానే మార్చామన్నారని తర్వాత మాటొస్తుంది. వాడలో ఎవరైనా అలాగే చేస్తారు.

తరవాత బల్ల దగ్గరికి వెళ్లింది. అక్కడ రెండు భోజనాలున్నాయి. ఒకటి తెల్లగుడ్డలో మూటకట్టిన గిన్నె, కొనాడుది. మూడు రోజుల పులిసిన వాసన వస్తున్నా ముడి కట్టింది కట్టినట్టే ఉంది. దాని పక్కన అన్నం, అలసందలు పొట్లం కట్టి తెచ్చిన ఆకు. నాకినంత శుభ్రంగా ఉంది. అంచున చేప ముల్లు ఒక్కటే మిగిలింది.

ఒక ఆడది మొగుడి కోసం కట్టిన ముడి విప్పకుండా ఉంటే, దాని పక్కన ఖాళీ ఆకు ఉంటే, వచ్చి చూసిన మనిషికి ఎలా ఉంటుందో పొకువాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున గారెలకే తన కడుపు మండింది. ఆ ఆలోచనను అక్కడే ఆపేసి, పక్క షెడ్డు మాస్టర్‌ను పిలిచింది.

అతని పేరు ఫొర్జోర్. అతనిదీ కరెంటు పనే. అడుసెయ్ షెడ్డు ముందు బళ్లు బారులు తీరుతుంటే, ఇతను పక్కనే స్టూలు మీద కూర్చుని రేడియో వినేవాడు. చనిపోయినవాడంటే మీకు గిట్టేది కాదట కదా అని పొకువా సూటిగా అడిగింది. ఫొర్జోర్ దాచలేదు.

"గిట్టలేదు మేడమ్. ఇప్పుడూ గిట్టట్లేదు. మనిషి పోయాడని తెలిసి కూడా జనం వచ్చి అతని షెడ్డు ముందే నిలబడుతున్నారు. ఇటు తిరిగి చూడరు."

శుక్రవారం అతను తన కంటైనర్ లోపల అన్నం తింటున్నాడు. మసీదు పిలుపు అయిపోయి, వాడలో సగంమంది నమాజుకు వెళ్లారు. ఇంజన్ గుక్కతిప్పుకుని అందుకోవడం, వెంటనే పెద్ద చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేకపోవడం విన్నాడు. చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తాడు. క్యాబిన్‌లో ఎవరూ లేరు. బండి గేరులో ఉంది. తనే న్యూట్రల్‌లోకి తెచ్చి, నలుగురిని కేకేసి వెనక్కి నెట్టించాడు.

అప్పుడు తాళం ఎలా ఉందని పొకువా అడిగింది.

"ఆఫ్‌లో ఉంది."

"డ్యాష్‌బోర్డులో ఎర్ర దీపాలు?"

ఫొర్జోర్ గుర్తు తెచ్చుకున్నాడు. దీపాలు లేవు. ఈ మాట ఇంతవరకు అతన్ని ఎవరూ అడగలేదు. ఇంజన్ తనంతట తాను ఆగిపోతే తాళం ఆన్‌లోనే ఉండాలి, దీపాలు వెలుగుతుండాలి. ఎవరో తిప్పి ఆపితేనే ఆఫ్‌లోకి వస్తుంది. గోడకి నలిగి ఉన్న మనిషి వెళ్లి తాళం తిప్పలేడు.

ఇక్కడికి ఎవరెవరు వచ్చారంటే, బండి సొంతదారు మేడమ్ అసాబియా పొద్దుటి నుంచీ క్యాబిన్‌లోనే కూర్చుని ఉందన్నాడు. మాస్టర్ అడిగినప్పుడల్లా ఆవిడే తాళం తిప్పిందట. ఇంకెవరొచ్చారంటే ఆలోచించాడు. మాస్టర్ భార్య రోజూ మధ్యాహ్నం అన్నం తెస్తుంది, ఆ రోజూ తెచ్చే ఉంటుంది. రోజూ వచ్చే మనిషిని ఎవరు చూస్తారు మేడమ్ అన్నాడు.

"మేమెవరమూ చూడం. అందుకే అడుగుతున్నాం" అన్నారెవరో వెనక నుంచి.

లామ్తే. ఇస్త్రీ మడత చెడకుండా రెండు వేళ్లతో ప్యాంటు పైకెత్తి పట్టుకుని నూనె మరకలు దాటుకుంటూ వస్తున్నాడు.

"ఇన్‌స్పెక్టర్ గారు సెలవులో ఉన్నారనుకున్నాను" అన్నాడు.

"మా అత్తగారు పనిముట్లు తెమ్మంది."

"బానెట్ కింద వెతుకుతున్నారా పనిముట్లు?"

పొకువా నవ్వలేదు. ఈ కేసులో అతను రాసిందేమిటో తను చదవలేదని, నోటితో చెబితే వింటానని అంది. లామ్తే చెప్పాడు. చెప్పడంలో అతనికి ఎప్పుడూ తడబాటు ఉండదు. పొకువా అసూయపడే వాటిలో అదొకటి. అడుసెయ్ స్టార్టర్ బిగించాడు. తాళం ఆన్‌లో పెట్టి ముందుకొచ్చి, వాడలో అందరూ చేసినట్టే, స్క్రూడ్రైవర్‌తో లావు తీగ బోల్టునూ చిన్న రేకునూ కలిపి, క్యాబిన్‌లోకి వెళ్లకుండానే స్టార్టర్ తిప్పాడు. డ్రైవర్ బండిని గేరులో వదిలి వెళ్లిన సంగతి అతనికి తెలియదు. బండి దూకింది. స్క్రూడ్రైవర్ అతని కాళ్ల దగ్గరే దొరికింది. అంతే.

పొకువా ఫొర్జోర్ బల్ల మీదున్న ఇంకో పాత స్టార్టర్‌నూ ఒక బ్యాటరీనీ చూపించి తీగలు తగిలించమంది. తర్వాత స్క్రూడ్రైవర్ లామ్తే చేతిలో పెట్టింది.

"మీరే కలపండి సార్."

లామ్తే ఆమె మొహం వైపు చూసి, వంగి, స్క్రూడ్రైవర్ ఆనించాడు. చిటపటమని నీలం నిప్పు లేచింది. స్టార్టర్ బల్ల మీద ఎగిరిపడింది. లామ్తే అంతకంటే ఎత్తు ఎగిరాడు. ఫొర్జోర్ దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు.

కలిపిన చోట బోల్టు మీద మినపగింజంత నల్లటి గుంట పడింది. స్క్రూడ్రైవర్ కొసకూ అలాంటిదే. పొకువా అతన్ని పికప్ దగ్గరికి తీసుకెళ్లి టార్చి వేసింది.

"ఇక్కడ మచ్చ చూపించండి."

అతను చాలాసేపు చూశాడు. మచ్చ లేదు. రాగి మెరుస్తోంది. అడుసెయ్ స్క్రూడ్రైవర్ సాక్ష్యాల సంచిలో ఉంది. దాని కొస కూడా శుభ్రంగానే ఉందని లామ్తే మొహమే చెప్పింది. ఈ స్టార్టర్‌ను ముందు నుంచి ఎవరూ తిప్పలేదు. క్యాబిన్‌లో కూర్చుని తాళంతో తిప్పారు. తిప్పినవాళ్లే ఆపి, దిగి, వెళ్లిపోయారు.

ఈ కొంచెంసేపూ పొకువాకు బాగుంది. అతని చొక్కా చంకల కింద చెమట తడి పాకుతుంటే చూడడం బాగుంది.

లామ్తే నిటారుగా నిలబడి, ఫొర్జోర్‌ను అవతలికి వెళ్లమన్నాడు. అప్పుడు బల్ల మీది తెల్లమూట వైపు గడ్డం చూపించాడు.

"ఆ ముడి నేనూ శుక్రవారమే చూశాను. పక్కన ఆకూ చూశాను. మూట ఎవరు తెచ్చారో కనుక్కున్నాను. ఆవిడ మీ ఇంట్లోనే ఉందని కూడా తెలుసుకున్నాను." అతని గొంతులో వెటకారం లేదు. అదే ఆమెకు ఎక్కువ బాధ కలిగించింది. "మీ ఇంటి తలుపు కొట్టే బదులు ప్రమాదం అని రాశాను. నిర్లక్ష్యానికి పెద్ద శిక్ష పడదు. డ్రైవర్ తొందరలోనే బయటికొస్తాడు. మీరు థ్యాంక్స్ చెప్పక్కర్లేదు."

అంటే ఇతను తనకు మేలు చేశాడు. లాకప్‌లో ఒక అమాయకుడిని పెట్టి, ఆ మేలు తన నెత్తిన పెట్టాడు. ఇన్నాళ్లుగా ఇతన్ని అసహ్యించుకోవడానికి దొరకని కారణం ఇప్పుడు దొరికింది. కానీ అందులో సగం తన పేరు మీదే ఉంది.

కొనాడు నమాజు పిలుపుకు చాలా ముందే వచ్చి వెళ్లిందని పొకువా అంది. ఆ రాత్రే చెప్పిందని, అప్పటికి భర్త బండి కింద పడుకుని ఉన్నాడని, అన్నం అక్కడ పెట్టి పొమ్మన్నాడని, వచ్చేశానని చెప్పిందని అంది.

"మీరు నమ్మారా?"

"ఆవిడ మా ఆడపడుచు."

"నేనడిగింది అది కాదు" అన్నాడు లామ్తే.

*

ఇసాహాకు పొడుగాటి మనిషి. లాకప్ గోడకు ఆనుకుని కూర్చుంటే మోకాళ్లు చెవుల దాకా వచ్చాయి. దేశం ఉత్తరపు కొస నుంచి బతకడానికి వచ్చినవాడు. కుమాసీలో అతని తరఫున మాట్లాడేవాళ్లు లేరు. శుక్రవారం సాయంత్రం వాడలో జనం అతన్ని కొట్టబోతే, లాకప్పే దిక్కయింది. పెళ్లాం బిడ్డలకు ఈ సంగతి ఇంకా తెలియదని, ఎవరూ చెప్పకుండా ఉంటే బాగుండునని ముందు ఆ మాటే అన్నాడు.

పొకువా అతనికి మంచినీళ్లు ఇప్పించి, పొద్దుటి నుంచి జరిగింది ఒక్కొక్కటే చెప్పించింది. స్టార్టర్ పాడైన బండి తనంతట తాను నడవదు కాబట్టి న్యూట్రల్‌లో పెట్టి నెట్టుకుంటూ తెచ్చారు. ఆ నెట్టడం వాడంతా చూసింది. నెట్టి నిలబెట్టాక మళ్లీ గేరులోకి వెయ్యవలసిన పని తనకేముందని అతని ప్రశ్న. మాస్టర్ పాత స్టార్టర్ విప్పి చేతికిచ్చాడు. దాన్నే నమూనాగా పట్టుకుని వాడిన సామాను అమ్మే వీధికి వెళ్లాడు. ముక్కు పొడవు కుదిరితే పళ్లు కుదరవు, పళ్లు కుదిరితే బోల్టు రంధ్రాలు కుదరవు. కొట్టు కొట్టూ తిరిగి సరైనది దొరికించుకుని, పాతదీ కొత్తదీ రెండూ మోసుకుని వచ్చేసరికి మసీదు పిలుపు వినిపిస్తోంది.

"పరిగెత్తబోతుంటే మాస్టర్ ఆపాడు మేడమ్. పాతది క్యాబిన్‌లో పెట్టి పొమ్మన్నాడు. ఊరికే కాదు, బల్ల కింద నుంచి ఒక గుడ్డ తీశాడు. చిలకపచ్చది. మడత పెట్టి ఉంది, దాన్నెప్పుడూ తుడవడానికి వాడినట్టు లేదు. అది సీటు ముందు పరిచి, దాని మీద పెట్టించాడు. మేడమ్ బండికి నూనె అంటుతుందట."

అప్పుడు మేడమ్ అసాబియా ఎక్కడుందని పొకువా అడిగింది. ఫోన్ వస్తే రోడ్డు మీదికి వెళ్లి, ఒక చెవి మూసుకుని మాట్లాడుతోంది. అతను ఆవిడ పక్క నుంచే మసీదుకు పరిగెత్తాడు. క్యాబిన్ అప్పటికి ఖాళీ. మాస్టర్ బానెట్ కింద కొత్తది బిగించడం మొదలుపెట్టాడు. అన్నం తినేశాడా అంటే, తినేశాడు, మేడమ్ తెచ్చిన పొట్లం ఎప్పుడో తినేశాడన్నాడు.

"మాస్టర్‌కీ ఆవిడకీ ఏమైనా ఉందా?"

ఇసాహాకు తన పెద్ద చేతుల వంక చూసుకున్నాడు. ఉందో లేదో తనకు తెలియదని, డ్రైవర్ ముందుకి చూసి నడపాలి కానీ పక్కకి చూడకూడదని అన్నాడు. కానీ ఆవిడతో మాట్లాడేటప్పుడు మాస్టర్ గొంతు మారేది అన్నాడు. అంతకు మించి అతను చెప్పలేదు, ఆమె అడగలేదు.

*

సాయంత్రం వంటింటి వసారాలో కొనాడు కర్రపెండలం చెక్కు తీస్తోంది. సంతాపపు నల్లబట్ట నడుముకు బిగించుకుంది. పొకువా కూడా ఒక పీట వేసుకుని, అరటికాయలు ముందేసుకుని కూర్చుంది. ప్రశ్నలు అడగాలని రాలేదు. పొద్దున గారెల దగ్గర తను అన్న మాట మనసులో పెట్టుకోవద్దని చెప్పాలని వచ్చింది. చెప్పింది కూడా.

"గారెలదేముంది వదినా" అంది కొనాడు. "మా అన్న నాకు పెడుతుంటే నీకు ఎలా ఉందో నాకు తెలుసు. తెలిసే నీవైపు జరిపాను. మనది అనుకున్నది ఇంకొకళ్ల ముందు పెడితే ఎలా ఉంటుందో నాకు తెలియదా?"

పొకువా అరటికాయ తొక్క తీస్తోంది. కొనాడు మాట్లాడడం ఆపలేకపోయింది. మూడు రోజులుగా ఆమెను అందరూ ఓదార్చారు కానీ ఎవరూ విన్నది లేదు.

"పెళ్లైన కొత్తలో నాకొక చిలకపచ్చ గుడ్డ ఉండేది. బాగా కట్టుకుని కట్టుకుని పాతబడితే, షెడ్డులో ఉంచుకుంటానని అడిగి పట్టుకెళ్లాడు. తుడుచుకోవడానికేమో అనుకున్నాను. కాదు, ఊరికే ఉంచుకుంటానన్నాడు. నేనెంత మురిసిపోయానని." కత్తి మీద పెండలం పాలు తెల్లగా కారుతున్నాయి. "దాన్ని ఆవిడ కాళ్ల దగ్గర పరిచాడు వదినా. ఆవిడ బండికి మరక కాకూడదని నా గుడ్డ మీద ఆ ఇనపముక్క పెట్టాడు."

పొకువా చేతిలో తొక్క సగంలో ఆగింది. గొంతు మామూలుగానే ఉండేట్టు చూసుకుంది.

"అప్పటికే నూనె పీల్చిందా?"

"లేదు. అప్పుడే పరిచినట్టుంది. మడత గీతలు కూడా పోలేదు."

వసారా అవతల ఎవరో రోట్లో దంచడం మొదలుపెట్టారు. కొనాడు చెక్కు తీస్తూనే ఉంది. తను ఏమన్నదో ఆమెకు ఇంకా తెలియలేదు. నమాజు పిలుపు తర్వాత పరిచిన గుడ్డను, పిలుపుకు చాలా ముందే వెళ్లిపోయిన మనిషి చూడలేదు. షెడ్డు శుక్రవారం నుంచీ పోలీసుల కాపలాలో ఉంది. ఇప్పుడు చూసిన వాళ్లకు అది నల్లగుడ్డ.

పొకువా లేచి లోపలికి వెళ్లి, తలుపు వేసుకుని, మంచం అంచున కూర్చుంది. తనలో ఏముందో తనే వెతుక్కుంది. దుఃఖం ఉంది. భయం ఉంది. వాటి కింద సన్నగా, సిగ్గులేకుండా, ఒక సంతోషం కూడా ఉంది. ఇక ఈ ఇంట్లో వేడివి ఎవరి పళ్లెంలో పడతాయో అని. ఆ సంతోషాన్ని చూశాక తను చేయవలసిందేమిటో ఆమెకు తేలిపోయింది. అలమార తెరిచింది.

*

భోజనానికి నలుగురూ కూర్చున్నారు. పెండలం, అరటికాయ కలిపి దంచిన ఫూఫూ ముద్దలు, మేక మాంసం పులుసు. అత్తగారు ముందుగా చెయ్యి పెట్టింది, తర్వాత మిగిలినవాళ్లు పెట్టారు. పొకువా చెయ్యి కడుక్కుంది కానీ ముద్ద ముట్టుకోలేదు. అందరూ రెండు మూడు ముద్దలు తినే దాకా ఆగింది.

"కొనాడు భోజనం అయ్యాక నాతో స్టేషన్‌కి వస్తుంది" అంది. "ఇసాహాకు రేపు కోర్టుకి వెళ్లడు."

బోయాకి ముద్ద పులుసులో ముంచి అలాగే ఆపేశాడు. ఎందుకని అడిగాడు. ఆమె చెప్పింది. మచ్చ పడని బోల్టు, ఆఫ్‌లో ఉన్న తాళం, చిలకపచ్చ గుడ్డ, మూడూ వరసగా, గొంతు పెంచకుండా చెప్పింది. చెబుతున్నంతసేపూ కొనాడు వైపే చూసింది. వేరే వైపు చూడడం పిరికితనం అనిపించింది.

నీకు మొదటి నుంచీ అదంటే పడదని బోయాకి అన్నాడు. పొద్దున గారెల కోసం, సాయంత్రం హత్యానేరమా అన్నాడు. ఆ మాట వస్తుందని పొకువాకు తెలుసు.

"నిజమే, పడదు. అందుకే ఈ కేసు నేను ముట్టుకోను. అంతా లామ్తేకి అప్పగిస్తున్నాను. రాసేది అతను, పేరొచ్చేది అతనికి. నేను సాక్షిని మాత్రమే."

లామ్తే పేరు ఆ నోటి నుంచి అలా రావడం బోయాకికి కొత్త. అతను ఏదో అనబోయాడు. కొనాడు మాట్లాడింది. చేతికంటిన పులుసు పళ్లెం అంచుకు తుడుచుకుంటూ, ఎవరికో బజారుకు దారి చెబుతున్నట్టు చెప్పింది.

"అన్నం పెట్టడానికి వెళ్లాను. ఆకు చూశాను. గుడ్డ చూశాను. క్యాబిన్‌లో ఎక్కి కూర్చున్నాను, ఆవిడ కూర్చునే చోట ఎలా ఉంటుందో చూద్దామని. సీటంతా పౌడరు వాసన. బానెట్ లేపి ఉంది కదా, ఆయనకి నేను కనపడను, నాకు ఆయన కనపడడు. బండి ఊగిందేమో, ఎవరో ఎక్కారని తెలిసింది. 'తిప్పు, అసాబియా' అన్నాడు." ఆమె పళ్లెం అవతలికి జరిపింది. "ఇన్నేళ్లూ నేను కూర్చుని తిప్పాను వదినా. ఎన్నో బళ్లు. ఎప్పుడూ నన్ను ఆ గొంతుతో తిప్పమనలేదు."

ఎవరూ ముద్ద ఎత్తలేదు.

"తిప్పే ముందు గేరు కర్ర ఊపి చూసుకోవాలని ఆయనే నేర్పాడు. ఊపి చూశాను. న్యూట్రల్‌లోనే ఉంది. అప్పుడు గేరు వేశాను."

ఈ మాట ఇంట్లో అంది, ఇంట్లోనే ఉండాలని బోయాకి అన్నాడు. తల్లి వైపు చూశాడు. అగ్యేవా చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టేసింది. ఆవిడ ఏడవలేదు. నీళ్ల గిన్నె దగ్గరికి లాక్కుని వేళ్లు ఒక్కొక్కటీ కడుక్కుంది.

"నా కూతురు మీద కోర్టులో నిలబడి చెబుతావా?"

"చెబుతాను అత్తమ్మా. లాకప్‌లో ఉన్నవాడికీ తల్లి ఉంటుంది."

"చెప్పు. చెప్పాక ఈ గుమ్మం తొక్కకు."

పొకువా లేచింది. ఆడపడుచు భుజం మీద చెయ్యి వేసింది. కొనాడు ఆ చెయ్యి తోసేయలేదు.

"తొక్కను అత్తమ్మా" అంది పొకువా. "బట్టలు సర్దుకునే భోజనానికి కూర్చున్నాను."